పదార్థ స్థితులు – 5వ పాఠం: మరిగే నీటిలో థర్మామీటరు ఎందుకు ఆగిపోతుంది?

ఈ పాఠంలో ఆరే బట్టల గురించి, కుండలో చల్లబడే నీటి గురించి చెప్పాలి. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. నాలుగో పాఠం అభ్యాసానికి మీరు పంపిన పట్టికలు చూశాక, ఈ చిక్కుముడి విప్పకుండా ముందుకు వెళ్లడం సరికాదనిపించింది.

అభ్యాసం చిన్నదే. అర లీటరు నీటిని పొయ్యి మీద పెట్టి, నిమిషానికోసారి ఉష్ణోగ్రత రాసుకోవాలి. తొంభై దాటేవరకు అంకెలు అందరికీ చక్కగా పెరిగాయి. తికమక ఆ తర్వాతే. కొందరు ‘98 దగ్గర ఆగిపోయింది, థర్మామీటరు పాడైనట్టుంది’ అన్నారు. కొందరు మంట పెంచి, అయినా కదలకపోవడంతో ప్రయోగం వదిలేశారు. ఇంకొందరి పట్టికల్లో అంకెలు 102, 105, 108 అంటూ ఎక్కుతూనే పోయాయి. మూత లేని గిన్నెలో మామూలు నీరు అంత వేడెక్కదు. అవి చూసి రాసినవి కావు, అలా ఉండాలనుకుని రాసినవి. దయచేసి ఆ పని చేయవద్దు. ఆ ప్రయోగంలో అసలు ఫలితం ఆగిపోయిన అంకే.

ముందు 98 సంగతి. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుందన్నది సముద్రమట్టం దగ్గరి మాట. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది, నీరు కొంచెం తక్కువ వేడికే మరుగుతుంది. సుమారుగా ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తు పెట్టుకోండి. హైదరాబాదు 500 మీటర్లకు పైన ఉంది కనుక అక్కడ 98 రావడమే న్యాయం. బెంగళూరులో 97 దగ్గర ఆగుతుంది. విశాఖపట్నంలో తీరం దగ్గర చూసినవారికి 100 వచ్చి ఉండాలి. దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో 88 దగ్గరే మరుగుతుంది, అందుకే అక్కడ కుక్కరు లేకుండా పప్పు ఉడికించడం పెద్ద శ్రమ. థర్మామీటరు కొస గిన్నె అడుగును తాకితే మాత్రం అంకె తప్పు చూపిస్తుంది. నీటి మధ్యలో వేలాడేలా పట్టుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. పొయ్యి మండుతూనే ఉంది, వేడి గిన్నెలోకి వెళుతూనే ఉంది. మరి ఉష్ణోగ్రత ఎందుకు పెరగదు?

ఉష్ణోగ్రత అంటే అణువులు ఎంత జోరుగా కదులుతున్నాయో చెప్పే కొలత. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా ఆకర్షించుకుంటాయి. అణువు ద్రవాన్ని విడిచి ఆవిరిగా బయటపడాలంటే ఆ ఆకర్షణను తెంచుకోవాలి, దానికి శక్తి కావాలి. మరిగే దశకు చేరాక పొయ్యి ఇచ్చే వేడి ఆ తెంచే పనికి ఖర్చవుతుంది. జోరు పెంచడానికి ఏమీ మిగలదు. ఇలా థర్మామీటరుకు కనిపించకుండా ఖర్చయ్యే వేడినే గుప్తోష్ణం అంటారు. 1760ల తొలినాళ్లలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జోసెఫ్ బ్లాక్ దీన్ని కొలిచి చూపాడు.

మూడు అంకెలు కంఠస్థం చేయండి: 80, 100, 540. కేలరీ అంటే ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు. ఆ గ్రాము నీరు సున్నా నుంచి వంద డిగ్రీలకు చేరడానికి 100 కేలరీలు. అది పూర్తిగా ఆవిరి కావడానికి 540 కేలరీలు. పాఠ్యపుస్తకాలు ఇప్పుడు జౌళ్లలో లెక్క చెబుతాయి, పరీక్షలో మీరూ అలాగే రాయండి (ఒక కేలరీ సుమారు 4.18 జౌళ్లు). ఇంట్లో లెక్కకు మాత్రం నాకు కేలరీలే ఇష్టం. నీటిని సున్నా నుంచి మరిగే దాకా తేవడానికి పట్టిన వేడికి అయిదు రెట్లకు పైగా, దాన్ని ఆవిరి చేయడానికి పడుతుందని ఈ మూడు అంకెలు చూడగానే తెలిసిపోతుంది.

ఇక నన్ను బాధపెట్టే విషయానికి వస్తాను. ‘మంట పెంచితే పప్పు త్వరగా ఉడుకుతుంది కదా’ అని చాలామంది రాశారు. మూత లేని గిన్నెలో కందిపప్పు ఉడుకుతోందనుకోండి. నీరు తెర్లడం మొదలయ్యేదాకా పెద్ద మంట పెట్టడం సబబే, ఆ దశకు త్వరగా చేరతాం. తెర్లడం మొదలయ్యాక పప్పు చుట్టూ ఉన్న నీరు 98 డిగ్రీల దగ్గరే ఉంటుంది, సన్న మంట మీదా అంతే, పెద్ద మంట మీదా అంతే. పప్పును ఉడికించేది ఆ ఉష్ణోగ్రత. గిన్నెలో జరిగే హడావిడి కాదు. పెద్ద మంట మీద బుడగలు ఎక్కువ వస్తాయి, నురగ పొంగుతుంది, నీరు త్వరగా ఇగిరిపోతుంది, మళ్లీ నీళ్లు పోయాల్సి వస్తుంది. ఆ చన్నీళ్లు పడగానే ఉష్ణోగ్రత కిందికి దిగి, ఉడకడం ఆలస్యమవుతుంది. అంటే అదనంగా కాల్చిన గ్యాసంతా నీటిని గాలిలోకి పంపడానికే ఖర్చయింది. గుడ్లకూ ఇదే వర్తిస్తుంది, బంగాళాదుంపలకూ ఇదే. పులుసు చిక్కబడాలి, పాయసం దగ్గరపడాలి అనుకున్నప్పుడు నీరు పోవడమే మన అవసరం, అక్కడ పెద్ద మంటకు అర్థం ఉంది.

నిజంగా త్వరగా ఉడకాలంటే మరిగే ఉష్ణోగ్రతనే పెంచాలి. కుక్కరు చేసేది అదే. ఆవిరిని బయటకు పోనీయక లోపలి పీడనాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది, నీరు 120 డిగ్రీల దగ్గరకు వెళ్లాక గానీ మరగదు. విజిల్ వచ్చిందంటే బరువును లేపేంత పీడనం చేరిందని అర్థం. తర్వాత కూడా పెద్ద మంట ఉంచితే విజిళ్లు పెరుగుతాయి తప్ప వేడి పెరగదు. నేనైతే మొదటి విజిల్ రాగానే మంట సన్నం చేసి, గడియారం చూస్తాను. విజిళ్లు లెక్కపెట్టను.

ఈ 540 తిరుగుదారిలోనూ పనిచేస్తుంది. ఇడ్లీ పిండి నీటిని తాకదు. ఆవిరి చల్లని పిండిని తాకి నీరుగా మారుతూ, గ్రాముకు 540 కేలరీలు అక్కడే వదిలేస్తుంది, ఇడ్లీ ఉడుకుతుంది. అదే ఆవిరి మీ చేతికి తగిలితే అంత వేడినీ చర్మానికి ఇస్తుంది. వేడినీళ్ల చుక్క కంటే ఆవిరి దెబ్బ తీవ్రంగా ఉండేది అందుకే. మూతను మీకు అవతలి వైపు నుంచి ఎత్తండి.

మంచు సంగతి క్లుప్తంగా: కరుగుతున్నంతసేపు సున్నా డిగ్రీలే. రంపపు పొట్టు, గోనెసంచి కప్పితే బయటి వేడి మెల్లగా చేరుతుంది, కరగడానికి ఎక్కువసేపు పడుతుంది.

పాకం, నూనె విషయంలో మాత్రం ‘ఆగిపోయే అంకె’ కోసం చూడకండి. బెల్లం పాకంలో నీరు తగ్గేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పెరుగుతూనే పోతుంది, ఉండపాకానికి 110 డిగ్రీలు దాటుతుంది. గారెల చుట్టూ వచ్చే బుడగలు మరిగే నూనెవి కావు. పిండిలోని నీరు ఆవిరై పోతోంది. బుడగలు సద్దుమణిగాయంటే ఆ నీరు చాలావరకు అయిపోయినట్టు.

అభ్యాసం

ఈసారి 540ని మీరే కొలవాలి. వంటింటి తూకం, గడియారం, ప్రయోగశాల థర్మామీటరు కావాలి. జ్వరం చూసే థర్మామీటరు వద్దు, అది 42 డిగ్రీలకు మించి చూపదు. 500 గ్రాముల నీరు పోసిన గిన్నెను మూతతో సహా తూచి, ఉష్ణోగ్రత రాసుకోండి. మూత తీసి పొయ్యి మీద పెట్టండి, చివరిదాకా మంట మార్చకండి. ఉష్ణోగ్రత పెరగడం ఆగేందుకు ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. అక్కడినుంచి సరిగ్గా పది నిమిషాలు మరిగించి, పొయ్యి ఆపి, వెంటనే మూత పెట్టండి. పూర్తిగా చల్లారాక మూతతోనే మళ్లీ తూచండి.

నీరు 30 నుంచి 98కి చేరిందనుకుంటే, అది తీసుకున్న వేడి 500 × 68, అంటే 34,000 కేలరీలు. అందుకు అయిదు నిమిషాలు పడితే పొయ్యి నిమిషానికి 6,800 కేలరీలు ఇచ్చినట్టు. పది నిమిషాలకు 68,000. దాన్ని తగ్గిన బరువుతో భాగించండి. గిన్నె కొంత వేడిని తీసుకుంటుంది, కొంత గాలిలోకి పోతుంది కనుక సరిగ్గా 540 రాదు. 450కీ 650కీ మధ్య వస్తే మీ కొలత బాగున్నట్టే. అంతకు దూరంగా వస్తే అంకెలు దిద్దకుండా, వచ్చినవి వచ్చినట్టే పంపండి. వేడి ఎటు పోయిందో ఆరో పాఠం మొదట్లో కలిసి వెతుకుదాం.