ట్విన్ టర్బో, నైట్రస్ పెట్టిన డీజిల్ పికప్: ఏ లక్షణానికి ఏది కారణం

చెన్నైలో డ్రాగ్ రేసు కోసం డీజిల్ పికప్ తయారు చేయించుకోవాలంటే పనివాళ్లకు కొరత లేదు. అంబత్తూరు షెడ్లలో పైపుల వెల్డింగ్ శుభ్రంగా చేస్తారు. పుదుప్పేటలో ఓపిగ్గా వెతికితే సెకండ్‌హ్యాండ్ టర్బోలూ (ఎగ్జాస్ట్ జోరుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేవి) దొరుకుతాయి. ఎక్కువగా దెబ్బతినేది ప్లానింగ్‌లోనే. తీరా ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తెచ్చాక బండి మొరాయిస్తే నైట్రస్‌ని (జోరు కోసం ఇంజిన్‌లోకి వదిలే నైట్రస్ ఆక్సైడ్ వాయువు) తిడతారు, లేదంటే ట్యూనింగ్ చేసినవాణ్ని తిడతారు. నన్నడిగితే ముందు గేజ్‌లు చూడాలి.

ఇదంతా ట్రాక్ బండి గురించే. రోడ్డు మీద తిరిగే బండికి ఇలాంటి మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది.

డీజిల్ రేసు బళ్లలో ట్విన్ అంటే ఎక్కువగా కాంపౌండ్ పద్ధతే. పెద్ద టర్బో బయటి గాలిని పీల్చి, ఒత్తి, చిన్న టర్బోకి ఇస్తుంది. చిన్నది దాన్ని మళ్లీ ఒత్తి ఇంజిన్‌కి పంపుతుంది. ఎగ్జాస్ట్ మాత్రం ముందు చిన్నదాన్ని తిప్పి, తర్వాత పెద్దదానికి వెళ్తుంది. ఇక్కడ ఒత్తిడి నిష్పత్తులు కూడవు, గుణించుకుంటాయి. పెద్దది 2.5 రెట్లు, చిన్నది 2 రెట్లు ఒత్తితే మొత్తం 5 రెట్లు. చెన్నైలో బయటి గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). గేజ్ బయటి గాలికి పైన ఉన్నదే చూపిస్తుంది కాబట్టి దాని మీద దాదాపు 59 పీఎస్ఐ కనిపించాలి.

గేజ్‌లు నాలుగు కావాలి: రెండు టర్బోల మధ్య బూస్ట్ (టర్బో పెంచిన గాలి ఒత్తిడి), ఇంజిన్‌కి వెళ్లే చివరి బూస్ట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోని (సిలిండర్ల ఎగ్జాస్ట్‌ని ఒకచోట చేర్చే గొట్టం) డ్రైవ్ ప్రెషర్, టర్బైన్‌కి (ఎగ్జాస్ట్ తిప్పే టర్బో చక్రం) ముందు ఎగ్జాస్ట్ వేడి. ఒక్క బూస్ట్ గేజ్‌తో రేసుకెళ్లే బండికి నైట్రస్ పెట్టకపోవడమే మంచిది.

స్టార్ట్ లైన్ మీద నల్ల పొగ, బండి మాత్రం లేవదు

డీజిల్ పడుతోంది, దానికి సరిపడా గాలి రావడం లేదు. ముందు లీకులు చూడండి. పెద్ద టర్బో మూతికి క్యాప్ బిగించి, రెగ్యులేటర్ పెట్టిన కంప్రెసర్‌తో 20 పీఎస్ఐ దాకా గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బునీళ్లు పోయండి. క్యాప్‌కి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, ఊడితే తూటాలా వస్తుంది. రెండు టర్బోల మధ్య పైపు క్లాంపులే ఎక్కువగా మోసం చేస్తాయి. తర్వాత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ చుట్టూ మసి గీతలు ఉన్నాయేమో చూడండి. అక్కడ కారే ప్రతి ఊపిరీ టర్బైన్‌ని తిప్పకుండా వృథాగా పోతున్నదే.

లీకు లేకపోతే చిన్న టర్బో వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ని టర్బైన్‌కి తగలకుండా పక్కనుంచి పంపేసే తలుపు) తెరుచుకుపోయి ఉండొచ్చు. కంపెనీ నుంచి వచ్చిన వేరియబుల్ వేన్ టర్బోనే చిన్నదిగా ఉంచుకుంటే, మసి పట్టి దాని వేన్లు (ఎగ్జాస్ట్ దారిలో కదిలే రెక్కలు) బిగుసుకుపోయినా ఇదే లక్షణం. విప్పి శుభ్రం చేయడం ఒక పూట పని.

అవన్నీ బాగున్నాయంటే పెద్ద టర్బో మీ ఇంజిన్‌కి మరీ పెద్దది. ఇంటర్నెట్‌లో దొరికే లెక్కలు చాలావరకు అమెరికా బళ్లవి: 5.9 లీటర్ల కమిన్స్, 6.6 లీటర్ల డ్యూరామాక్స్. మన పికప్‌ల ఇంజిన్లు చాలావరకు రెండు, రెండున్నర లీటర్లే. 2.5 లీటర్ల ఇంజిన్ 4,000 ఆర్పీఎంలో మింగే గాలి, అదే బూస్ట్‌లో 5.9 లీటర్లది 3,000 ఆర్పీఎంలో మింగే దాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. అక్కడివాళ్ల టర్బో సైజు ఇక్కడ దించితే రేసు అయిపోయే వేళకు బూస్ట్ వస్తుంది. దీనికి అసలు మందు చిన్న టర్బైన్ హౌసింగ్. ఆ తర్వాతే చిన్న జెట్ (ఎంత వెళ్లాలో నిర్ణయించే రంధ్రం) నైట్రస్: లైన్ మీద పెద్ద టర్బోని లేపడానికి, బూస్ట్ రాగానే ప్రెషర్ స్విచ్‌తో ఆగిపోయేలా.

నైట్రస్ నొక్కితే పొగ పోతుంది, జోరు పెరగదు

నైట్రస్ ఇంధనం కాదు. సిలిండర్లో వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది, అంతే. బరువులో దాదాపు 36 శాతం ఆక్సిజన్, గాలిలోనైతే 23 శాతం. కాలకుండా మిగిలిన డీజిల్ ఉంటేనే దానికి పని. నొక్కకముందు పొగే లేని బండికి నైట్రస్ వల్ల పెద్దగా లాభం ఉండదు. ఇంజెక్టర్లు, వాటికి డీజిల్ అందించే పైపులోని ఒత్తిడి, ట్యూన్ చూసుకుని డీజిల్ పెంచాక మళ్లీ ప్రయత్నించండి.

నొక్కగానే గట్టిగా కొట్టుకునే శబ్దం వస్తే అది వేరే సంగతి. మంట వేగం పెరిగి సిలిండర్ ఒత్తిడి ముందే ఎక్కుతోంది. ఇంజెక్షన్ టైమింగ్ కాస్త వెనక్కి జరపాలి (డీజిల్ కొంచెం ఆలస్యంగా పడేలా), జెట్ తగ్గించాలి.

పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా

మన ఊళ్లకే ప్రత్యేకమైన తిప్పలు ఇది. నైట్రస్ బాటిల్‌లో 900 నుంచి 1,000 పీఎస్ఐ ఉంటే జెట్ లెక్కలు సరిగ్గా నడుస్తాయి. 20 డిగ్రీల దగ్గర బాటిల్‌లో సుమారు 735, 30 డిగ్రీల దగ్గర సుమారు 915 ఉంటుంది. 36.4 డిగ్రీలు దాటితే లోపల ద్రవం, వాయువు అనే తేడాయే ఉండదు. నిండు బాటిల్‌లో ఒత్తిడి అక్కడి నుంచి జోరుగా ఎక్కుతుంది, నాజిల్ దగ్గర ఎంత వస్తోందో చెప్పలేం. మే నెల చెన్నైలో అద్దాలు మూసిన క్యాబిన్ ఆ హద్దు ఎప్పుడో దాటేస్తుంది.

చలిదేశాలవాళ్లు రాసిన గైడ్ చదివి బాటిల్ హీటర్ కొనేవాళ్లను చూస్తే నవ్వు వస్తుంది. ఇక్కడ కావాల్సింది నీడ, తడి గోనెసంచి, రన్‌కి ముందు గేజ్ మీద ఓ చూపు. బెంగళూరులో డిసెంబరు తెల్లవారుజామున మాత్రం ఒత్తిడి నిజంగానే తగ్గుతుంది, అప్పుడు గోరువెచ్చని నీళ్ల తొట్టి చాలు. మంట ఎప్పుడూ చూపకండి. బాటిల్ సేఫ్టీ డిస్క్ పగిలితే గ్యాస్ బండి బయటికి పోయేలా పైపు వేయించండి.

ఒత్తిడి సరిగ్గా ఉన్నా రన్ మధ్యలో జోరు పడిపోతే బాటిల్ ఖాళీ అవుతోందేమో చూడండి. వంటగ్యాస్ సిలిండర్‌లాగే లోపల ద్రవం ఉన్నంతసేపూ గేజ్ దాదాపు ఒకేచోట నిలుస్తుంది, ఎంత మిగిలిందో కాటా మీద తూకమే చెబుతుంది. సైఫన్ పైపు (లోపల అడుగు నుంచి ద్రవాన్ని లాగే గొట్టం) ఉన్న బాటిల్‌ని వాల్వు ముందువైపు ఉండేలా, లేబుల్ పైకి ఉండేలా పడుకోబెట్టాలి. బండి దూకినప్పుడు ద్రవం వెనక్కి పోతుంది, పైపు కొన అక్కడే ఉండాలి. తిరగేసి బిగిస్తే సగం రన్‌లోనే వాయువు తన్నుతుంది.

బూస్ట్ బాగుంది, రేడియేటర్ నీళ్లు కక్కుతోంది

హెడ్ (సిలిండర్ల పైమూత) ఒత్తిడికి లేస్తోంది. అందరూ గ్యాస్కెట్ మార్చి ఊరుకుంటారు, రెండు రన్‌లకి మళ్లీ అదే కథ. డ్రైవ్ ప్రెషర్ గేజ్ చూడండి. బూస్ట్ 50, మానిఫోల్డ్‌లో 55 అయితే సంతోషించండి. మానిఫోల్డ్‌లో 100 ఉంటే ఎగ్జాస్ట్ బయటికి పోలేక ఇంజిన్ తనతో తనే కుస్తీ పడుతోంది. గొంతు చిన్న టర్బో దగ్గర బిగుసుకుంది. వేస్ట్‌గేట్ పెద్దది పెట్టి, చిన్నదాన్ని తప్పించుకుని ఎగ్జాస్ట్ నేరుగా పెద్దదానికి వెళ్లేలా చేయాలి. అది సరిచేశాకే గట్టి హెడ్ స్టడ్‌లు (హెడ్‌ని బిగించి పట్టే బోల్టులు), కొత్త గ్యాస్కెట్. పూర్తి బూస్ట్ మీద నైట్రస్ కూడా దూరుతుంటే ప్రెషర్ స్విచ్‌ని కిందకు సెట్ చేయండి.

ఎగ్జాస్ట్ వేడి 700 డిగ్రీలు దాటి నిలబడితే పిస్టన్ల మీద ఆశ వదులుకోవచ్చు. ఒక్క రన్‌లో క్షణకాలం దాటడం వేరు.

చెన్నైలో బాగున్న టర్బో బెంగళూరులో పోయింది

బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి ఒత్తిడి 13.2 పీఎస్ఐ దాకా. గేజ్ మీద అదే 30 చూడాలంటే చెన్నైలో గాలిని 3 రెట్లు ఒత్తితే సరిపోతుంది, అక్కడ 3.3 రెట్లు ఒత్తాలి. టర్బో అంతకంత వేగంగా తిరగాలి. అక్కడికి వెళ్తే బూస్ట్ లక్ష్యం తగ్గించండి.

కాలు తీయగానే కుక్క మొరిగినట్టు శబ్దం

సర్జ్: టర్బో ఒత్తిన గాలి వెనక్కి తన్నుతోంది. ఒకటి రెండుసార్లు పర్వాలేదు. లోడ్ మీద కూడా వస్తుంటే రెండు టర్బోల జత కుదరలేదు. షాఫ్ట్‌ని చేత్తో కదిపి చూడండి, చక్రం హౌసింగ్‌కి రాసుకుంటే ఇక నడపొద్దు.

కీ తీసినా ఇంజిన్ ఆగదు

టర్బో సీల్ పోయి, ఇంజిన్ తన ఆయిల్‌నే తాగుతూ పరుగెడుతోంది. దీన్ని నమ్మకంగా ఆపేది గాలి దారిని మూసే షట్‌ఆఫ్ వాల్వే. నైట్రస్ పెట్టిన బండికి ఇంకొన్ని జాగ్రత్తలు: ఇంటేక్ హీటర్ (లోపలికెళ్లే గాలిని వేడిచేసేది) వైర్లు తీసేయించాలి, స్టార్టింగ్ స్ప్రే దగ్గరికి రానివ్వకూడదు. నైట్రస్ ఫిట్టింగుల్లో గ్రీజు చుక్క కూడా ఉండకూడదు, బాటిల్ వాల్వు నెమ్మదిగా తిప్పాలి. ఒకటి చాలామందికి తట్టదు: గాలి మూసినా నైట్రస్ సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) తెరిచే ఉంటే ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది. షట్‌ఆఫ్ లాగగానే నైట్రస్ కరెంటు కూడా తెగేలా రెండింటినీ ఒకే హ్యాండిల్‌కి కలిపి వైరింగ్ చేయించండి.