రోటరీ పీస్ ఫెలోషిప్‌కు దరఖాస్తు ఎలా చేసుకోవాలి?

ఊళ్లో గట్టు తగాదాలు, కులాల మధ్య పట్టింపులు, మొగుడూపెళ్లాల పంచాయితీలు సర్దుతూ ఏళ్ల తరబడి తిరిగేవాళ్లుంటారు. వాళ్లను పట్టుకుని ‘శాంతి రంగంలో మీకు అనుభవం ఉందా?’ అని అడగండి, లేదనే అంటారు. శాంతి, తగాదాల పరిష్కారం గురించి చదువుకోవడానికి రోటరీ క్లబ్బుల సంస్థ రోటరీ ఫౌండేషన్ ఇచ్చే పీస్ ఫెలోషిప్‌కు మన దగ్గర్నుంచి అర్హత ఉన్నవాళ్లు కూడా అప్లై చేయకపోవడానికి సగం కారణం ఇదేనని నాకనిపిస్తుంది. చేసేది శాంతి పనే. ఆ పేరుతో దాన్ని ఎవరూ పిలవరు, అంతే.

ఈ ఫెలోషిప్ కింద 2002లో మొదటి బ్యాచ్ చదువు మొదలుపెట్టింది. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి మాస్టర్స్ డిగ్రీ. కోర్సును బట్టి 15 నుంచి 24 నెలలు పడుతుంది. స్వీడన్‌లో ఉప్సల, ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్, టోక్యోలో ఇంటర్నేషనల్ క్రిస్టియన్ యూనివర్సిటీ లాంటి చోట్ల చదవాలి. రెండోది ఏడాది సర్టిఫికెట్ కోర్సు. ఇప్పటికే ఉద్యోగంలోనో ఉద్యమంలోనో ఉన్నవాళ్ల కోసం పెట్టింది. క్యాంపస్‌లో ఉండాల్సింది ముఖ్యంగా పది వారాలే, తర్వాత తొమ్మిది నెలలు సొంత ఊళ్లోనే సొంత ప్రాజెక్టు నడుపుతూ ఆన్‌లైన్ తరగతులకు హాజరవ్వాలి. ఉగాండాలోని మకెరెరె, ఇస్తాంబుల్‌లోని బహ్చెషెహిర్ యూనివర్సిటీల్లో ఈ కోర్సు ఉంది. ఆసియా కోసం పుణెలోని సింబయాసిస్‌ను ఎంచుకున్నారు. మనకు దగ్గర కాబట్టి, ఇల్లూ పనీ వదిలి రెండేళ్లు వెళ్లలేనివాళ్లు దాని సంగతే ముందు చూసుకోవడం మంచిది. ఫీజు, బస, భోజనం, రానుపోను ప్రయాణం అన్నీ ఫెలోషిప్పే భరిస్తుంది.

రెండింటికీ డిగ్రీ ఉండాలి, ఇంగ్లిష్ బాగా రావాలి. మాస్టర్స్‌కైతే సంబంధిత పనిలో కనీసం మూడేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం, సర్టిఫికెట్‌కైతే ఐదేళ్లు అడుగుతారు. మాస్టర్స్ అభ్యర్థులకు ఇంకో మెలిక ఉంది. చివరి డిగ్రీ పూర్తయ్యాక ఫెలోషిప్ మొదలయ్యేలోపు మూడేళ్లు గడిచి ఉండాలి. ఇప్పుడు పీజీ చదువుతూ ‘అప్లై చేసి చూద్దాం’ అనుకుంటే కుదరదు.

రోటరీ సభ్యులకు, వాళ్ల భార్యాభర్తలకు, పిల్లలకు, మనవలకు, తల్లిదండ్రులకు, తాతలకు అర్హత లేదు. సభ్యత్వం వదిలేసినా 36 నెలలు ఆగాలి. అమ్మానాన్నల్లో ఒకరు రోటరీ క్లబ్‌లో ఉంటే ‘మనవాళ్లే కదా’ అనుకుంటాం. ఇక్కడ అదే అడ్డం.

ఇక కాగితాలు. డిగ్రీ కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ లేదా ఒరిజినల్ డిగ్రీ, పాస్‌పోర్టు, రెజ్యుమె, అనుభవ పత్రాలు ముందే స్కాన్ చేసి పెట్టుకోండి. మన తెలుగువాళ్లకు అసలు తలనొప్పి పేరు దగ్గర వస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి ఉంటుంది, ఆధార్‌లో ముందుండాల్సింది వెనక్కి పోయి ఉంటుంది. ఫారంలో పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి. అన్నీ ఒక్కరివేనని ఒక అఫిడవిట్ చేయించి దగ్గర పెట్టుకుంటే వీసా దాకా పనికొస్తుంది.

అనుభవ పత్రం మీద కూడా కాస్త పట్టుబట్టాలి. మన స్వచ్ఛంద సంస్థల్లో ‘ఫలానా కాలంలో సంతృప్తికరంగా పనిచేశారు, వారి ప్రవర్తన బాగుంది’ అని రెండు ముక్కలు రాసి స్టాంపు వేసి ఇస్తారు. అది చాలదు. ఏ ఊళ్లలో పనిచేశారు, ఏ సమస్య మీద, నెలజీతం మీద ఫుల్‌టైమా, పార్ట్‌టైమా అన్నది అందులో కనిపించాలి. అడగడానికి మొహమాటపడితే నష్టం మీకే.

వీటన్నిటికంటే పెద్ద పని అప్లికేషన్‌లో రాయాల్సిన వ్యాసాలు. నా స్నేహితుడొకడు ఒక చెరువు కింద రెండు ఊళ్ల రైతుల మధ్య నీళ్ల తగాదా మీద నాలుగేళ్లు పనిచేశాడు. అప్లికేషన్‌కు మొదట రాసిన వ్యాసం చూపించాడు. ‘శాంతి లేనిదే ప్రగతి లేదు’ అని మొదలై మూడు పేరాలు అదే పాట. స్కూల్లో ఆగస్టు పదిహేను ఉపన్యాసంలా ఉంది. చదవడం ఆపి ఒకటే అడిగాను: ‘ఎద్దడి రోజుల్లో రాత్రిపూట తూము దగ్గర ఎవరు పడుకునేవాళ్లురా?’ నవ్వి, ‘నేనూ, చెరువు నీళ్లు వదిలే నీరటీ’ అన్నాడు.

వ్యాసం అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టించాను. ఎగువ ఊరివాళ్లు రాత్రి తూము ఎత్తేస్తే దిగువన చివరి ఆయకట్టు ఎండిపోయేది. మావాడూ, అతనితో పనిచేసినవాళ్లూ వంతుల పుస్తకం ఒకటి పెట్టి, తూము తెరిచినప్పుడల్లా రెండు ఊళ్ల నుంచి చెరొకరి సంతకం తీసుకునేలా ఒప్పించారు. అంతకుముందు ఏడాది రెండు పోలీసు కేసులైతే, పుస్తకం వచ్చాక ఒక్కటీ లేదు. ఒక రైతు మాత్రం చివరిదాకా సంతకం పెట్టలేదు. అది రాయనా వద్దా అని మావాడు టెన్షన్ పడ్డాడు. రాయమన్నాను. ఒప్పుకోనివాడితో ఎలా పనిచేశామన్నదే కదా ఈ చదువంతా.

దీన్ని రోటరీ భాషలోకి తేవడం తర్వాతి అడుగు. వాళ్లు ‘పాజిటివ్ పీస్’ అనే మాట ఎక్కువగా వాడతారు. కొట్లాట ఆగిపోవడం ఒక్కటే శాంతి కాదు, కొట్లాట పుట్టని పరిస్థితులు ఉండాలి అని దాని భావం. దానికి ఎనిమిది స్తంభాలు చెబుతారు. వనరుల సమాన పంపిణీ, ఇరుగుపొరుగుతో సత్సంబంధాలు, ఎదుటివారి హక్కులను ఒప్పుకోవడం, సమాచారం అందరికీ చేరడం, అవినీతి తక్కువగా ఉండడం వాటిలో కొన్ని. వంతుల పుస్తకంలో మొదటి నాలుగూ ఉన్నాయి! రోటరీ నడిపే పాజిటివ్ పీస్ అకాడమీ అనే ఉచిత ఆన్‌లైన్ కోర్సు చేస్తే ఈ మాటలు చేతికి అలవాటవుతాయి. మాటలు అక్కడివి తీసుకోండి, కథ మాత్రం మీదే ఉండాలి.

సిఫార్సు లేఖలకు ఎమ్మెల్యేనో, పెద్ద ప్రొఫెసర్‌నో వెతుక్కుంటూ పోకండి. మీ పనిని కళ్లారా చూసినవాళ్లు కావాలి. లేఖ రాసేవారికి మీ వ్యాసం ఒక కాపీ ఇచ్చి, నెల ముందే చెప్పండి.

అప్లికేషన్ ఏటా ఫిబ్రవరిలో తెరుస్తారు, మే 15 గడువు. అది మనకు మండుటెండల కాలం, ఊళ్లలో పెళ్లిళ్ల సీజన్, కరెంటు కోతలు. చివరి వారానికి వదిలేస్తే ఇబ్బందే. రోటరీ వెబ్‌సైట్‌లోనే ఆన్‌లైన్‌లో నింపాలి. సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. ఫలితాలు నవంబరు ప్రాంతంలో వస్తాయి. మాస్టర్స్‌కు ఎంపికైనవాళ్లు యూనివర్సిటీలో అడ్మిషన్‌కు మళ్లీ విడిగా దరఖాస్తు చేయాలి, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు కూడా ఆ యూనివర్సిటీ అడిగిన ప్రకారం ఉండాలి. ఒకసారి రాకపోతే మరుసటి ఏడాది మళ్లీ వేయొచ్చు. మావాడికి మొదటిసారి రాలేదు, మళ్లీ వేస్తున్నాడు.

అనుభవం చాలనివాళ్లు నిరాశ పడనక్కర్లేదు. రోటరీలోనే డిస్ట్రిక్ట్ గ్రాంట్లనే చిన్న నిధులుంటాయి. వాటితో ఏ స్థాయి చదువుకైనా, స్వల్పకాలిక శిక్షణకైనా, స్వదేశంలోనైనా స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, కనీస మొత్తమంటూ లేదు. విదేశాల్లో పీజీ చేసేవారికి గ్లోబల్ గ్రాంటు ఉంది, దాని బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. రెండింటికీ దారి స్థానిక క్లబ్బే. మీ పట్టణంలో క్లబ్ సమావేశం ఏ వారం, ఎక్కడ జరుగుతుందో కనుక్కుని, చేసిన పని గురించి ఒక పేజీ రాసుకుని నేరుగా వెళ్లి అధ్యక్షుడిని కలవండి. ఫోన్లో అడిగితే ‘చూద్దాం’ అంటారు.