తొలకరికి ముందే పాత బండి చైన్ లాక్ చూసుకోండి: కొనేటప్పుడు, వేసేటప్పుడు జాగ్రత్తలు

నల్లరేగడి తడిసిందంటే కోయిలకుంట్ల, జమ్మలమడుగు పక్క పల్లె దోవల్లో టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య బంకమట్టి పట్టేసి చక్రం తిరగనని మొండికేస్తుంది. యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ ఆ భారమంతా చైన్ మీదికే వస్తుంది. చైన్‌లో ముందు చేతులెత్తేసేది దాని రెండు కొసలనూ కలిపే, విప్పి వేసుకునే లింకు, అంటే లాకే. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు తిరిగే బండ్లకైతే బండల పొడి ఆయిల్‌తో కలిసి ఏడాది పొడవునా చైన్‌ను అరగదీస్తూనే ఉంటుంది. తెగిన చైన్ రోడ్డు మీద పడిపోతే సరే, ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) దగ్గర ముద్దగా చుట్టుకుంటేనే ప్రమాదం: ఇంజన్ కేసు పగలొచ్చు, వెనక చక్రం ఉన్నపాటున బిగుసుకుపోవచ్చు.

లాక్ కొనే ముందు అసలు చైన్‌కు ఆయుష్షు ఉందా లేదా చూడండి. కిరసనాయిల్‌తో కడిగి, చైన్‌ను బిగుతుగా లాగి పట్టి, పిన్ను నడిమి నుంచి పిన్ను నడిమికి కొలవండి. అరంగుళం చైన్‌లో 20 లింకులు, 5/8 అంగుళం చైన్‌లో 16 లింకులు, రెండూ కొత్తలో సరిగ్గా 254 మిల్లీమీటర్లే. అది 259 దాటితే లాక్ కొనడం దండగ, చైన్ సెట్ (చైన్, రెండు స్ప్రాకెట్లు) మొత్తం మార్చాల్సిందే. సాగిన చైన్‌లో కొత్త లాక్ ఒక్కటే పొట్టిగా ఉండి, పంటి మీదికి వచ్చిన ప్రతిసారీ దెబ్బ తింటుంది. స్కేలు లేకపోతే వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ను వెనక్కి లాగండి. పన్ను సగం బయటపడితే దాని పని అయిపోయినట్టే.

ఇక అంగట్లో. "ఫలానా బండి లాక్ ఇవ్వన్నా" అని అడగడంలోనే సగం తప్పులు జరుగుతాయి. పాత బండికి ఈ పాటికి ఎవరో ఒకరు స్ప్రాకెట్లు మార్చే ఉంటారు. బండి పేరు కాదు, చైన్ పలక మీద కొట్టిన నంబరు చెప్పండి. ఆర్‌ఎక్స్ 100 లాంటి వాటికి వచ్చేది 428. మొదటి అంకె 4 అంటే ఎనిమిదింట నాలుగు, అంటే అరంగుళం, 12.7 మిల్లీమీటర్ల పిచ్ (పిన్ను నడిమి నుంచి పక్క పిన్ను నడిమికి దూరం). బుల్లెట్ చైన్‌ది 5/8 అంగుళం, 15.875 మిల్లీమీటర్లు. నంబరు అరిగిపోయి ఉంటే లేత్ షాపులో వెర్నియర్‌తో కొలిపించండి. 428లో రోలర్ లావు 8.51, లోపలి పలకల మధ్య వెడల్పు 7.94 మిల్లీమీటర్లు. 420 నంబరు చైన్‌లో అవే 7.77, 6.35. పిచ్ మాత్రం రెంటికీ ఒకటే కాబట్టి పైకి చూస్తే సరిపోయినట్టే కనిపిస్తుంది. ఆ మాటకొస్తే సైకిల్ చైన్ పిచ్ కూడా 12.7 మిల్లీమీటర్లే!

ఎక్కువగా మోసపోయేది 428కీ 428హెచ్‌కీ మధ్య. హెచ్ రకానికి పలకలు మందం, పిన్నులు పొడవు. హెచ్ చైన్‌కు మామూలు లాక్ వేస్తే పిన్ను గాడి పలక దాటి పూర్తిగా బయటికి రాదు. పలక ఊడకుండా ఆ గాడిలో పట్టే స్ప్రింగు క్లిప్ అంచు మీద వేలాడుతూ ఉండి, మొదటి గుంతకే ఎగిరిపోతుంది. అదే మామూలు చైన్‌కు హెచ్ లాక్ వేస్తే పలక పక్కలకు ఆడుతుంది. అందుకే పాత లాక్‌ను జేబులో వేసుకెళ్లి కొత్తదాని పక్కన పెట్టి పిన్ను పొడవు, పలక మందం చూడాలి. వీలైతే చైన్ ఏ కంపెనీదో లాక్ కూడా ఆ కంపెనీదే తీసుకోండి. పాత క్లిప్‌ను మళ్లీ వాడొద్దు. ఒకసారి విప్పితే దాని స్ప్రింగు చచ్చిపోతుంది, కొత్తదానికి పెద్ద ఖర్చూ కాదు.

వేసేటప్పుడు ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. బండి గేరులో తిరుగుతుండగా చైన్‌కు గుడ్డ పట్టి తుడిస్తే వేళ్లు పోతాయి. చైన్ రెండు కొసలనూ వెనక స్ప్రాకెట్ పళ్ల మీద కూర్చోబెడితే పని సులువు. పిన్నులకు గ్రీజు పూసి లాక్‌ను లోపలి వైపు నుంచి దూర్చి, బయటి పలక వేసి, నోస్ ప్లయర్‌తో క్లిప్‌ను గాడిలోకి నెట్టండి. స్క్రూడ్రైవర్‌తో పక్కకు పొడిస్తే క్లిప్ నోరు విచ్చుకుంటుంది. క్లిప్ మూసిన కొస చైన్ పరిగెత్తే దిక్కుకే ఉండాలి: పై వరసలో బండి ముందు వైపుకు, కింది వరసలో వెనక్కి. తెరిచిన నోరు ముందుకుంటే రాయో కవరో తగిలినప్పుడు క్లిప్ ఊడొస్తుంది. తర్వాత చక్రం మెల్లగా తిప్పుతూ అన్నిటికన్నా బిగువైన చోట చైన్ పైకీ కిందికీ ఆడే వదులు చూడండి. 100 సీసీ బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు చాలు.

దోవలో తెగితే ఏది విరిగిందో చూడండి. బయటి పలక విరిగితే ఆ లింకు తీసేసి లాక్ వేస్తే చాలు, పొడవు మారదు. రోలర్ ఉన్న లోపలి లింకు పోతే మాత్రం దానికి అటూ ఇటూ ఉన్న బయటి లింకులు కూడా తీయాలి. ఆ ఖాళీకి రెండు లాకులు, మధ్యలో ఒక లోపలి లింకు కావాలి. కాబట్టి సీటు కింద ఉంచుకోవాల్సింది ఒక్క లాక్ కాదు, రెండు, వాటితో పాటు కత్తిరించిన చైన్ ముక్క. పిన్ను తలను ఆకురాయితో అరగదీశాకే పంచ్ పెట్టి కొట్టండి. ఊరికే సుత్తితో బాదితే మంచి పలకలు కూడా వంకరపోతాయి.

లోపలి లింకు పోయినప్పుడు ఒకే లాక్ ఉంటే, దాంతోనే కలిపితే చైన్ రెండు లింకులు పొట్టి అవుతుంది, చక్రాన్ని ఇంచుమించు అరంగుళం ముందుకు జరపాలి. సాగిన చైన్ అయితే అడ్జస్టర్‌లో ఆ చోటు దొరుకుతుంది. రెండు పక్కలా గుర్తులు సమానంగా ఉండేలా బిగించండి. చక్రం ముందుకు జరిగితే వెనక బ్రేక్ రాడ్ వదులవుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. గువ్వలచెరువు ఘాట్ దిగాల్సి ఉంటే బ్రేక్ రాడ్ నట్ బిగించి, చదును రోడ్డు మీద ఒకసారి తొక్కి చూశాకే కదలండి.