మ్యూజిక్ స్కూల్ ఆడిషన్‌కి పిల్లలతో వెళ్తున్నారా? ఇలా చేయండి

అమెరికాలో సంగీతాన్నే డిగ్రీగా చదవాలనుకునే పిల్లలకు మార్కులు బాగుంటే చాలదు. చాలా స్కూళ్లకు నవంబరు, డిసెంబరుల్లో ముందు రికార్డింగులు పంపాలి. అవి నచ్చితే జనవరి నుంచి మార్చి మొదటి రోజుల లోపు ఆడిషన్‌కి పిలుస్తారు. మన తెలుగు ఇళ్లలో వయొలిన్, పియానో నేర్చుకునే పిల్లలు ఉన్నా, ఆ ఆడిషన్ రోజు ఎలా గడుస్తుందో చెప్పేవాళ్లు తక్కువ. ఎంసెట్ పరీక్షకు తీసుకెళ్లిన పద్ధతి ఇక్కడ పనికిరాదు. వయొలిన్‌ని ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

ముందు రోజే చేరుకోండి

ఈస్ట్‌మన్ మ్యూజిక్ స్కూల్ ఉన్న రోచెస్టర్ ఆంటారియో సరస్సు పక్కన ఉంది. మ్యూజిక్ స్కూళ్లున్న ఓబర్లిన్, క్లీవ్‌లాండ్ ఊళ్లు ఈరీ సరస్సు వైపు ఉన్నాయి. ఫిబ్రవరిలో అక్కడ మంచు ఎప్పుడు ముంచెత్తుతుందో చెప్పలేం. ఆడిషన్ రోజు పొద్దున దిగే ఫ్లైట్ బుక్ చేయకండి. ఫ్లైట్ రద్దయితే వెంటనే అడ్మిషన్ ఆఫీసుకు ఫోన్ చేయండి. ఇలాంటివి వాళ్లకు ప్రతి చలికాలం మామూలే.

వయొలిన్‌ని లగేజీలో వేయొద్దు. అమెరికాలో 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఎక్కే సమయానికి తల పైన ఉండే సామాను అరలో గానీ సీటు కింద గానీ చోటుంటే చిన్న వాద్యాన్ని లోపలికి అనుమతించాలి. కాబట్టి తొందరగా విమానం ఎక్కడమే తెలివైన పని. చెల్లో అయితే దానికీ ఒక సీటు కొనాలి.

చలికి, హీటర్ గాలికి చెక్క ఎండి బిరడలు జారతాయి, శ్రుతి దిగిపోతుంది. రాత్రి కారులో వదిలేయకండి. కేస్‌లో తేమ ఇచ్చే చిన్న ట్యూబు పెట్టండి. హోటల్‌కి చేరగానే తెరవకుండా కాసేపు గది వేడికి అలవాటు పడనివ్వండి.

ఆ ఉదయం మీ పనులు

అదనపు తీగల సెట్, కమానుకు రుద్దే రోజిన్, పియానో సహకారానికి నోట్స్ కాపీ, చేతులకు గ్లోవ్స్, మంచులో నడవడానికి బూట్లు, లోపల వేసుకోవడానికి వేరే షూస్. ఇవన్నీ మీ భుజాన ఉండాలి. తిండి విషయంలో బలవంతం వద్దు. ఇడ్లీనో అరటిపండో తింటే చాలు. పులిహోర మంచిదే గానీ నూనె చేతులతో తీగ ముట్టుకోలేరు, అది తర్వాతకి ఉంచండి.

చెప్పిన టైమ్‌కి కనీసం గంట ముందు వెళ్తే మంచిది. వార్మప్ రూమ్ దొరకడానికి, పియానిస్ట్‌తో ఒకసారి కలిసి వాయించుకోవడానికి ఆ గంట కావాలి.

తలుపు బయట

మామూలుగా తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వరు. తలుపుకు చెవి ఆనించకండి, లోపలున్న పిల్లలకు అది తెలిసిపోతుంది. సాధారణంగా పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. కాన్‌చెర్టో (ఆర్కెస్ట్రాతో వాయించే పెద్ద రచన)లో ఒక భాగం, స్వరకర్త బాఖ్ రాసిన ఒక సోలో, ఒక కాప్రీస్ (నైపుణ్యం చూపే చిన్న రచన) సిద్ధం చేసుకుని వెళ్తారు. లోపల వినే టీచర్ల ప్యానెల్ అన్నీ పూర్తిగా వినదు. మధ్యలో ‘చాలు’ అని ఆపేస్తుంది. ఆపారంటే నచ్చలేదని కాదు, తమకు కావలసింది విన్నారని. ఈ ముక్క పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

బయటకు రాగానే “ఎలా వాయించావు? ఎన్ని తప్పులు పోయాయి?” అని అడగొద్దు. నా దృష్టిలో ఆ రోజు మొత్తంలో మనకు కష్టమైన పని ఇదే. పరీక్ష హాలు బయట పేపర్ చర్చించే అలవాటులో పెరిగాం కదా. కానీ చాలా చోట్ల అదే రోజు థియరీ పరీక్షో, స్వరజ్ఞాన పరీక్షో ఇంకా మిగిలి ఉంటుంది. “ఆకలేస్తోందా నాన్నా?” అనండి. వాళ్లే చెబితే వినండి, సరిదిద్దకండి. వేరే పిల్లల తల్లిదండ్రులతో ఎవరు ఎక్కడెక్కడ సెలెక్ట్ అయ్యారనే పోలికలూ వద్దు. పిల్లలు పక్కనే వింటుంటారు.

మీరు అడగాల్సినవి

పిల్లలు లోపల ఉండగా చాలా స్కూళ్లలో తల్లిదండ్రులకు విడిగా మీటింగ్ ఉంటుంది. తప్పకుండా వెళ్లండి. ప్రతిభ స్కాలర్‌షిప్‌ని ఆడిషన్ బట్టి ఇస్తారా? దానికి వేరే దరఖాస్తు ఉందా? అవసరాన్ని బట్టి ఇచ్చే సాయానికి ఏ ఫారాలు, ఎప్పటిలోగా? పిల్లలు కోరుకున్న టీచర్ వచ్చే ఏడాది ఉంటారా, ఆయన దగ్గర ఎన్ని ఖాళీలున్నాయి? ఈ చివరిది చాలామంది అడగరు. సీటు వాయించిన తీరు మీదే కాక, ఆ ఏడాది ఆ వాద్యంలో ఎన్ని ఖాళీలున్నాయనే దాని మీదా ఆధారపడుతుంది. ఒక చోట రాకపోతే అది పిల్లల ప్రతిభకు మార్కు కాదు.

“సంగీతంతో పాటు కంప్యూటర్ సైన్స్ కూడా చదవొచ్చా?” అన్నది మన ఇళ్లలో తప్పక వచ్చే ప్రశ్న. చదవొచ్చు. ఓబర్లిన్‌లో అయిదేళ్ల డబుల్ డిగ్రీ ఉంది. పీబాడీ మ్యూజిక్ స్కూల్ కూడా జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీతో కలిసి డబుల్ డిగ్రీ ఇస్తుంది. అయితే రెండు వైపులా విడివిడిగా అడ్మిషన్ రావాలి. ఈ ప్రశ్న ప్యానెల్ ముందు కాదు, అడ్మిషన్ ఆఫీసులో అడగండి.

తిరుగు ప్రయాణంలో

కలిసిన టీచర్ పేరు, ఆయన చెప్పిన మాట, స్కూలు పిల్లలకు ఎలా అనిపించింది, ఇవన్నీ మర్చిపోకముందే వాళ్ల చేతే ఫోన్‌లో రాయించండి. నాలుగైదు స్కూళ్లు చూశాక అన్నీ కలగాపులగం అవుతాయి. అక్కడ ట్రయల్ పాఠం (చేరకముందు ఇచ్చే నమూనా పాఠం) చెప్పిన టీచర్ ఉంటే, ఆ టీచర్‌కి కృతజ్ఞతగా చిన్న మెయిల్ పిల్లలే పంపాలి, మీరు కాదు. ఫలితాలు ఎక్కువగా మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో వస్తాయి. సాధారణంగా మే 1 లోపు ఒక స్కూలుకు ఒప్పుకోవాలి. స్కాలర్‌షిప్ చాలకపోతే ఆ గడువులోపే మర్యాదగా ఇంకొకసారి పరిశీలించమని రాయవచ్చు. వేరే స్కూలు ఇచ్చిన ఆఫర్ లెటర్‌ని దానికి జత చేయండి.