బ్లాక్ బెల్ట్, గ్రాండ్ మాస్టర్ అని హెడ్డింగ్ చూడగానే షేర్ కొట్టకుండా ఏం చూడాలంటే

2021 నవంబర్‌లో ట్రంప్‌కి టైక్వాండోలో 9వ డాన్ (బ్లాక్ బెల్ట్‌లో ఉండే మెట్లని డాన్ అంటారు) బ్లాక్ బెల్ట్ అని వార్త రాగానే మా ఫ్యామిలీ గ్రూపులో ఒకటే గోల, ఈయన ఇదెప్పుడు నేర్చుకున్నాడ్రా బాబూ అని. నేర్చుకోలేదు. సియోల్‌లో టైక్వాండో డాన్‌లు ఇచ్చే సంస్థ కుక్కీవాన్, దాని అధ్యక్షుడు ఫ్లోరిడా దాకా వెళ్ళి ఇచ్చొచ్చిన గౌరవ బెల్టు అది. 2013లో పుతిన్‌కి కూడా ఇలాంటిదే ఇచ్చారు, 2022లో ఉక్రెయిన్ మీదకి సైన్యాన్ని పంపగానే వరల్డ్ టైక్వాండో అనే అంతర్జాతీయ సమాఖ్య వాళ్ళు వెనక్కి తీసేసుకున్నారు. పరీక్షలిచ్చి పైకొచ్చేవాళ్ళయితే 8 నుంచి 9కి వెళ్ళడానికే 9 ఏళ్ళు ఆగాలి.

కాబట్టి ముందు 'గౌరవ' అనే మాట వెతకండి. అది హెడ్డింగ్‌లో పెట్టరు, కింద మూడో పేరాలో ఎక్కడో ఉంటుంది. గౌరవ డాక్టరేట్ వచ్చిన మర్నాడే ఫ్లెక్సీ మీద పేరు ముందు 'డాక్టర్' పడిపోవడం మనం చూడనిదా, ఇదీ అంతే.

తర్వాత అది డానా, బిరుదా, ఉత్త పిలుపా చూడండి, మన వార్తల్లో ఈ మూడిటినీ కలిపి కొట్టేస్తారు. సెన్సెయ్ అంటే మన 'మాస్టారు' లాంటి పిలుపు, జపాన్‌లో స్కూల్ టీచర్నీ డాక్టర్నీ కూడా అలాగే అంటారు. హాంకాంగ్‌లో అయితే టాక్సీ డ్రైవర్ని కూడా సిఫూ (కుంగ్‌ఫూ గురువుని పిలిచే మాటే) అనే పిలుస్తారు. రెన్షి, క్యోషి, హన్షి మాత్రం నిజంగా బిరుదులే, డాన్‌తో పాటు విడిగా ఇస్తారు. జపాన్ కత్తిసాము కెండోలో హన్షి కావాలంటే ముందు 8వ డాన్ ఉండాలి, ఆ పరీక్షకి కూర్చోవాలంటేనే 46 ఏళ్ళు రావాలి, కూర్చున్నా నూటికి ఒకరు పాసైతే గొప్ప. ముప్పై ఏళ్ళ కుర్రాడు కెండోలో హన్షి అని ఎక్కడైనా కనిపిస్తే ఇంక మిగతా వార్త చదవక్కర్లేదు. ఇక బ్లాక్ బెల్ట్ అనగానే చదువంతా అయిపోయినట్టు రాస్తారు గానీ మొదటి డాన్‌ని 'షోదాన్' అంటారు, అందులో 'షో' అంటేనే మొదలు అని.

'ప్రపంచ ఛాంపియన్' అని ఉంటే ఆ టోర్నీ ఎవరు పెట్టారో చూడండి, పేరులో వరల్డ్ అని ఎవరైనా తగిలించుకోవచ్చు. కరాటే అయితే వరల్డ్ కరాటే ఫెడరేషన్ ఫలితాలు ఆన్‌లైన్‌లోనే ఉంటాయి, రెండు నిమిషాల పని. పనిలో పని, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కరాటే లేదు, ఆ పేరు చెప్పి ఎవరైనా మెడల్ చూపిస్తే నవ్వుకోండి.

చిన్నపిల్లల వార్తయితే ఫోటో జూమ్ చేసి బెల్టు చూడండి. కుక్కీవాన్ లెక్కలో 15 ఏళ్ళ లోపు పిల్లలకి ఇచ్చేది డాన్ కాదు, పూమ్, దాని బెల్టు సగం ఎరుపు సగం నలుపు ఉంటుంది. మా మేనకోడలికి వచ్చింది అదే, పేపర్లో మాత్రం బ్లాక్ బెల్ట్ అని వేసేశారు. మా అక్క ఆ కటింగ్‌కి ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టింది, నేనింతవరకు నోరెత్తలేదు.