ప్లాస్మా వేడి కారిపోతోందా? ముందు మెష్ చూడండి

పోయిన వారం కోవూరు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఎంటెక్ ప్రాజెక్టుకి గాంధీనగర్‌లోని ఎస్‌ఎస్‌టీ-1 అనే యంత్రం కొలతలతో (పెద్ద వ్యాసార్ధం 1.1 మీటర్లు, చిన్నది 0.2) టోకమాక్ (వేడి ప్లాస్మాని అయస్కాంత క్షేత్రంతో వడ ఆకారంలో పట్టి ఉంచే యంత్రం) సిమ్యులేషన్ చేస్తున్నాడు. లెక్క కోసం ప్లాస్మాని చిన్న చిన్న గళ్లుగా (సెల్స్) కోస్తారు, ఆ గళ్ల వలే మెష్. "అన్నా, హీటింగ్ ఆపలేదు, అయినా మధ్యలో ఉష్ణోగ్రత పడిపోతా ఉంది. మెష్ రెండింతలు సన్నం చేశా, కొంచెం తగ్గింది గానీ పోలేదు" అన్నాడు.

ఈ లక్షణం చూడగానే చాలామంది ఫిజిక్స్‌ని అనుమానిస్తారు. నేనైతే ముందు సెల్స్ ఏ దిక్కుకి వాలి ఉన్నాయో చూస్తాను. ప్లాస్మాలో వేడి అయస్కాంత క్షేత్ర రేఖల వెంట పోయేంత జోరుగా అడ్డంగా పోదు, ఆ నిష్పత్తి వంద కోట్ల రెట్ల దాకా ఉంటుంది, అంటే రేఖ వెంట లెక్కలో పది లక్షల్లో ఒక వంతు తప్పు అడ్డంగా చేరినా అది అసలు అడ్డ వాహకతకి (రేఖలకి అడ్డంగా వేడి పోయే గుణానికి) వెయ్యి రెట్లు అవుతుంది. కాలవలో నీళ్లు వాలు వెంట పరిగెత్తుతాయి, గెనిమలోంచి ఊట కొంచెమే. పటంలో గెనిమని వంకరగా గీస్తే మాత్రం కాలవ నీళ్లే పక్క కయ్యలోకి పోతున్నట్టు లెక్క తేలుతుంది.

నిర్ధారణకి చిన్న పరీక్ష ఉంది: క్షేత్రాన్ని కదలకుండా పెట్టి, ఉష్ణోగ్రతని ఫ్లక్స్ (క్షేత్ర రేఖ వెంట మారని విలువ) మీదే ఆధారపడేలా ఇచ్చి, హీటింగ్ ఆపి, అడ్డ వాహకత సున్నా చేసి నడపండి. అప్పుడు తగ్గిన ప్రతి డిగ్రీ మెష్ తిన్నదే. మా వాడు చేస్తే దాదాపు అదే స్పీడులో పడింది, పాపం అంతకుముందు మూడు రోజులు సోర్సు టర్మ్‌లో (సమీకరణంలో హీటింగ్ భాగం) తప్పు వెతుక్కున్నాడు.

పరిష్కారం: సెల్స్‌ని ఫ్లక్స్ ఉపరితలాల (ఫ్లక్స్ ఒకే విలువ ఉండే పొరలు) వెంట పరచండి, జోరెక్ అనే ప్లాస్మా సిమ్యులేషన్ కోడ్ చేసేది అదే. అది కుదరకపోతే ఎలిమెంట్ ఘాతం (ఒక్కో సెల్ లోపల వాడే బహుపది ఘాతం) పెంచండి. ఎం3డీ-సీ1 అనే ఇంకో కోడ్ త్రిభుజాలే వాడుతుంది గానీ ఒక్కోదాంట్లో ఐదో ఘాతం బహుపది ఉంటుంది. ఊరికే సన్నం చేసుకుంటూ పోతే మెమరీ అయిపోతుంది, సమస్య మిగులుతుంది.

ఇలా పరిచాక ఎక్స్-పాయింట్ (ఫ్లక్స్ గీతలు X లాగా కలిసే చోటు) దగ్గర జాకోబియన్ నెగటివ్ (సెల్ తిరగబడింది) అని ఆగిపోతే భయపడొద్దు. అక్కడ పోలాయిడల్ క్షేత్రం (వడని అడ్డంగా కోస్తే ఆ కోత తలంలో ఉండే క్షేత్రం) సున్నా, ఫ్లక్స్ గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి, అందుకే సెల్స్ మడతపడతాయి. సరిగ్గా ఆ బిందువు మీదే ఒక నోడ్ (సెల్ మూల) పెట్టి, లోపలి ప్లాస్మా, బయటి పొర, ఎక్స్-పాయింట్ కింద మిగిలే ప్రైవేటు ప్రాంతం అని విడివిడిగా మెష్ చేసి అతికించండి.

ఇంకోటి, మెష్ మార్చిన ప్రతిసారీ కరెంటు సాంద్రతలో గరుకు వస్తోందా? కరెంటు అనేది ఫ్లక్స్‌కి రెండో అవకలనం, కాబట్టి ఇంటర్‌పొలేషన్‌లో కంటికి కనపడని తప్పు కూడా అక్కడ ముళ్లలా లేస్తుంది. పాత మెష్ విలువల్ని కొత్తదానికి ఊరికే ఇంటర్‌పొలేట్ చేయకుండా గాలెర్కిన్ ప్రొజెక్షన్ (మొత్తం మీద తేడా అతి తక్కువ ఉండేలా సర్దే పద్ధతి) వాడండి, క్షేత్రాన్ని కాకుండా ఫ్లక్స్‌నే బదిలీ చేయండి, డైవర్జెన్స్ గొడవ (అయస్కాంత క్షేత్రం డైవర్జెన్స్ సున్నా కాకపోవడం) కూడా ఉండదు. మార్పుకి ముందూ తర్వాతా మొత్తం శక్తి రాసుకోండి.

మెష్ తనంతట తానే మారే సిమ్యులేషన్‌లో సెల్స్ ఒక స్టెప్పులో చీలి, మరుసటి స్టెప్పులో కలిసిపోతుంటే, తప్పు ఎంత దాటితే చీల్చాలి, ఎంతకి తగ్గితే కలపాలి అనే రెండు హద్దులూ ఒకటే ఇచ్చారన్నమాట. కలిపే హద్దుని చీల్చే హద్దుకంటే బాగా కిందికి దించండి. మా తమ్ముడి ఇన్‌పుట్ ఫైల్లో కూడా రెండు చోట్లా 0.1 అనే ఉంది, అందులో కలిపేదాన్ని 0.02 చేయమన్నాను.