దీవిలో తిరగడం నేర్చుకుందాం – 3వ పాఠం: పొద్దు, పోటు

పోయిన పాఠంలో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయ పురంలో ఫెర్రీ ఎక్కి హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో దిగాం కదా. ఇవాళ అద్దె స్కూటీ తీసుకుందాం. బ్రేకులు, హెడ్‌లైటు, పెట్రోలు చూసుకోండి, ఉన్న గీతలకు ఫోటో తీయండి, హెల్మెట్ అడిగి తీసుకోండి. అంతే, బండి సంగతి అయిపోయింది.

అసలు పాఠం గడియారం గురించి. మన దేశం టైమంతా 82.5 డిగ్రీల రేఖాంశం లెక్క, అండమాన్ ఉన్నదేమో ఇంకా తూర్పున, దాదాపు 93 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాలు వేసుకుంటే అక్కడ పొద్దు 40 నిమిషాలకు పైగా ముందే నడుస్తుంది. అందుకే డిసెంబర్‌లో అక్కడ అయిదింటికే పొద్దు గుంకుతుంది. నేను హైదరాబాద్ అలవాటులో ఉండి, రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూసి, తీరిగ్గా ఇసుక దులుపుకుని బండి తీశాను. అడవి దారి, వానకు తడిసిన ఆకులు, హెడ్‌లైటు చూస్తే దీపం బుడ్డిలా ఉంది, ఒక మలుపులో జారి మోకాలు చెక్కుకుపోయింది. లైటు చూసుకోమని పైన ఊరికే చెప్పలేదు. సూర్యాస్తమయం చూడాలంటే ఆరోజు ఆటో మాట్లాడుకోండి. స్కూటీ మీదైతే నాలుగింటికల్లా వెనక్కి బయల్దేరాలి.

ఇక రెండో గడియారం సముద్రం. నీళ్లు పైకొస్తే పోటు, వెనక్కి తగ్గితే పాటు. రోజుకు రెండేసి సార్లు, ఒకదాని నుంచి ఇంకోదానికి ఆరు గంటల పైచిలుకు. పైగా మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. నీల్ దీవిలో, అంటే ఇప్పటి షహీద్ ద్వీప్‌లో రాతి వంతెన దగ్గరకు పాటు వేళే నడిచి వెళ్లగలం. నీళ్లు తగ్గుతుండగా వెళ్లి, తిరిగి పెరగడం మొదలవగానే వచ్చేయండి. నాచు రాళ్ల మీద హవాయి చెప్పులు వద్దు.

మొసలి బోర్డు ఉన్నచోట మాత్రం ఏ లెక్కా లేదు, నీళ్లలో దిగొద్దు. 2010లో హేవ్‌లాక్‌లోనే ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది.

అభ్యాసం: ఈరోజు పాటు ఉదయం 10:30కి. మూడు రోజుల తర్వాత మీరు నీల్‌లో దిగేసరికి మధ్యాహ్నం 3:15. వంతెన ఆరోజే చూడొచ్చా, మర్నాటికి పెట్టుకోవాలా? పొద్దు గుంకే టైము కూడా లెక్కలోకి తీసుకోండి. జవాబు 4వ పాఠంలో.